గ్యాస్ అనుకున్న నొప్పి... ఇప్పుడు రెండో కాన్పంటే భయం

ప్రశ్న: డాక్టర్ గారికి నమస్కారం. నా వయసు 27. అత్తగారిల్లు తిరుపతి, పుట్టిల్లు పుంగనూరు అవతల పల్లె. మొదటి కాన్పుకు ఏడో నెలలో సీమంతం చేసి అమ్మవాళ్లు తీసుకెళ్లారు. 33వ వారంలో ఒకరోజు రాత్రి రొమ్ముల కింద, కుడి డొక్కలో నొప్పి మొదలైంది. వాంతులు కూడా అయ్యాయి. గ్యాస్ అని ఇంట్లో సోడా తాగించారు. తెల్లారి దగ్గర్లోని ఒక క్లినిక్‌కు వెళ్తే బీపీ 140/90 ఉంది, భయం లేదని గ్యాస్ ఇంజెక్షన్ వేసి పంపారు. సాయంత్రానికి నిలబడలేకపోయాను. వేరే చోట రక్తపరీక్ష చేస్తే ప్లేట్‌లెట్లు 62 వేలు. 108లో భాకరాపేట ఘాట్ దిగి తిరుపతికి తెచ్చారు. ఆ రాత్రే ఆపరేషన్. పూర్తి మత్తు ఇచ్చారు, పాప మొదటి ఏడుపు కూడా వినలేదు. మర్నాడు ప్లేట్‌లెట్లు 38 వేలకు పడిపోయాయి. పాప 1.6 కిలోలు, మూడు వారాలు ఎన్‌ఐసీయూలో ఉంది. ఇప్పుడు దానికి 14 నెలలు, బాగుంది.

డిశ్చార్జి కాగితంలో హెల్ప్ సిండ్రోమ్ అని రాశారు. లివర్ చెడిపోయిందని మా అత్తమ్మ ఇప్పటికీ పప్పు, నెయ్యి, గుడ్డు తిననివ్వదు. గ్రహణం నాడు బయట తిరిగానని ఇంకొకరు అంటారు. ఇంకో బిడ్డ కావాలని అత్తగారింట్లో, వద్దే వద్దని మా అమ్మ. ఆ రాత్రే నేను గట్టిగా చెప్పి ఉంటే ఇంతదాకా వచ్చేది కాదని నిద్ర పట్టదు. అంబులెన్స్ శబ్దం వింటే చేతులు వణుకుతాయి. రెండో కాన్పుకు వెళ్లొచ్చా? మా చెల్లెలికి ఇప్పుడు అయిదో నెల, తొలి కాన్పు. దానికీ ఇలా వస్తుందా?

జవాబు: అమ్మా, ఆ రాత్రి మీరు గట్టిగా చెప్పి ఉంటే ఏమయ్యేదంటే, పొద్దున వేసిన గ్యాస్ ఇంజెక్షన్ రాత్రే వేసేవాళ్లు. నొప్పి ఎక్కడుందో మీరు సరిగ్గానే చెప్పారు. విన్నవాళ్లకు తట్టలేదు. దాన్ని మీ తప్పుల పద్దులో రాసుకోకండి.

గర్భిణికి గ్యాస్ రాదా అంటే, వస్తుంది. పొట్ట పెరిగేకొద్దీ చాలామందికి వస్తుంది. ఆ మంట ఛాతీలో మొదలై గొంతు దాకా ఎగదన్నుతుంది, పుల్లటి తేన్పులు వస్తాయి, తిన్న వెంటనే పడుకుంటే ఎక్కువవుతుంది, మందు వేసుకుంటే తగ్గుతుంది. మీకు వచ్చింది అది కాదు. రొమ్ముటెముక కింద గానీ కుడి పక్కటెముకల కింద గానీ గట్టిగా పట్టేసి వదలని నొప్పి అది. ఒక్కోసారి భుజానికో వీపుకో కూడా పాకుతుంది. దాంతోపాటు వాంతులు, తలనొప్పి, ఒంట్లో ఏదో తేడాగా ఉందన్న నలత. కొందరికి కళ్ల ముందు మెరుపులు మెరిసినట్టు ఉంటుంది. అయిదో నెల దాటిన గర్భిణి పై కడుపులో కొత్తగా నొప్పి అంటే, నా మటుకు నేను, బీపీ చూసి, మూత్రంలో ప్రొటీన్ చూసి, ప్లేట్‌లెట్లు, లివర్ పరీక్షల ఫలితం చేతికి వచ్చాకే గ్యాస్ అనే మాట అంటాను. ఇవి పెద్ద పరీక్షలేమీ కావు, ఒక్కసారి తీసిన రక్తంతో అయిపోతాయి.

140/90కి భయం లేదన్నారని చదివితే మాత్రం నాకు కోపం వచ్చింది. గర్భిణికి ఎక్కువ బీపీ అని మేం లెక్కపెట్టడం మొదలయ్యేదే ఆ అంకె దగ్గర. అసలు ఈ జబ్బు వచ్చినవాళ్లలో నూటికి 15 నుంచి 20 మందికి బీపీ గానీ మూత్రంలో ప్రొటీన్ గానీ కనిపించకపోవచ్చు. బీపీ బాగుంది కదా అని పంపేసిన చోటే ఇది చాలాసార్లు చేయి దాటుతుంది.

ఇక ఆ కాగితంలో రాసిన పేరు. అమెరికాలో లూయిస్ వైన్‌స్టీన్ అనే ప్రసూతి వైద్యుడు 1982లో పెట్టిన పేరు అది. ఎర్ర రక్తకణాలు పగిలిపోవడం, లివర్ ఎంజైములు పెరగడం, ప్లేట్‌లెట్లు పడిపోవడం, ఈ మూడింటి ఇంగ్లిష్ అక్షరాలను కలిపి అలా పిలిచారు. వెయ్యి గర్భాల్లో అయిదు నుంచి తొమ్మిదింటిలో వస్తుంది. గర్భంలో బీపీ పెరిగి ఫిట్స్ వచ్చే గుర్రపువాతానికి ముందు దశ ఉంది చూశారూ, ప్రీఎక్లాంప్సియా, అది తీవ్రంగా ఉన్నవాళ్లలో అయితే నూటికి 10 నుంచి 20 మందికి వస్తుంది.

మీ అత్తమ్మ గారు లివర్ జబ్బు అనుకుంటున్నారు గానీ దీని మూలం లివర్‌లో లేదు, మాయలో ఉంది. గర్భం నిలిచిన తొలి నెలల్లో మాయ గర్భసంచి రక్తనాళాల్లోకి చొచ్చుకుపోయి వాటిని వెడల్పు చేసుకోవాలి. కొందరిలో ఆ పని సగంలోనే ఆగిపోతుంది. ఎందుకు ఆగుతుందో ఆ తల్లికి తెలిసే దారి లేదు, అప్పటికి ఆమెకు వేవిళ్లు కూడా తగ్గి ఉండవు. నెలలు నిండేకొద్దీ బిడ్డకు ఎక్కువ రక్తం కావాలి, ఈ నాళాలేమో ఇరుకు. రక్తం చాలని మాయ కొన్ని పదార్థాలను తల్లి రక్తంలోకి వదులుతుంది. వాటివల్ల ఒళ్లంతా రక్తనాళాల లోపలి పొర దెబ్బతింటుంది. ఉప్పు బోరు నీళ్లకు డ్రిప్ పైపు లోపల గరుకు కట్టినట్టు, నున్నగా ఉండాల్సిన గోడ గరుకవుతుంది. అక్కడ ప్లేట్‌లెట్లు అతుక్కుపోయి ఖర్చవుతాయి. రక్తం గడ్డకట్టేటప్పుడు ఏర్పడే సన్నని ఫైబ్రిన్ దారాలు అల్లుకుంటాయి. వాటి మధ్య నుంచి దూరే ఎర్రకణాలు చీలిపోతాయి. లివర్ లోపలి సన్నని దారుల్లో రక్తం సరిగా పారక లివర్ ఉబ్బుతుంది, దాని మీది పొర సాగుతుంది. మీ కుడి డొక్కలో పట్టేసిన నొప్పి ఆ సాగిన పొరది. అరుదుగా ఆ పొర కింద రక్తం చేరుతుంది, ఇంకా అరుదుగా లివర్ చిట్లుతుంది. ఈ నొప్పి ఉన్నవాళ్ల డొక్కను గట్టిగా నొక్కడం, నూనె రాసి మర్దన చేయడం వద్దని చెప్పేది అందుకే.

ప్లేట్‌లెట్లు మామూలుగా లక్షన్నర నుంచి నాలుగున్నర లక్షల దాకా ఉండాలి. అవి లక్షకు తగ్గి, ఏఎస్‌టీ అనే లివర్ ఎంజైము 70 దాటి, ఎర్రకణాలు పగిలితే పెరిగే ఎల్‌డీహెచ్ 600 దాటితే జబ్బు పూర్తిగా ఉన్నట్టు లెక్క. వానాకాలంలో ఇంకో చిక్కు ఉంది. ప్లేట్‌లెట్లు తగ్గాయనగానే డెంగీ అనేసి బొప్పాయి ఆకు రసం మొదలుపెడతారు. డెంగీలోనూ ప్లేట్‌లెట్లు పడతాయి, లివర్ ఎంజైములు పెరుగుతాయి, కాకపోతే దానికి ముందు జ్వరం ఉంటుంది. గర్భంలో వచ్చే ఫ్యాటీ లివర్, నీళ్ల ద్వారా వచ్చే హెపటైటిస్ ఈ కూడా ఇలాగే కనిపించి మోసం చేస్తాయి. ఇవన్నీ విడదీసి చూడాల్సింది ఆసుపత్రిలో. ఇంట్లో ఆకు రసంతో ఒక పూట పోయిందంటే, ఈ జబ్బులో ఒక పూట చాలా ఎక్కువ.

మాయ బయటికి వస్తే తప్ప ఇది తగ్గదు. అందుకే నెలలు నిండకపోయినా కాన్పు చేస్తారు. తల్లి నిలకడగా ఉంటే బిడ్డ ఊపిరితిత్తుల కోసం స్టెరాయిడ్ ఇంజెక్షన్లు ఇచ్చి ఒకటి రెండు రోజులు ఆగుతారు, లేకపోతే అదీ ఆగరు. ఫిట్స్ రాకుండా మెగ్నీషియం సల్ఫేట్ ఇస్తారు. ఆ మందు ఎక్కుతుంటే ఒళ్లంతా వేడెక్కినట్టు ఉంటుంది, మీకూ గుర్తుండే ఉంటుంది. పాప ఏడుపు వినలేదని రాశారు. అంత తక్కువ ప్లేట్‌లెట్లతో నడుములో సూది వేస్తే వెన్నుపాము దగ్గర రక్తం చేరి కాళ్లు చచ్చుబడే ప్రమాదం ఉంది. పూర్తి మత్తు ఇచ్చిన డాక్టర్ సరైన పనే చేశారు.

ఆపరేషన్ మర్నాడు 38 వేలకు పడిపోవడం కూడా ఈ జబ్బు నడిచే తీరే. కాన్పయ్యాక 24 నుంచి 48 గంటలు ఇంకా దిగజారి, ఆ తర్వాత లేస్తుంది. ఇది చదివే మిగతావాళ్ల కోసం ఒక మాట. పది మందిలో ముగ్గురికి ఈ జబ్బు కాన్పు తర్వాతే మొదలవుతుంది, ఎక్కువగా మొదటి 48 గంటల్లో. బిడ్డ బయటపడింది కదా, ఇక గండం గడిచిందని అందరూ ఉయ్యాల చుట్టూ చేరిన వేళ అది. పచ్చి బాలింత పై కడుపు నొప్పి, తలనొప్పి అంటే చలిగాలి తగిలిందనో పథ్యం తప్పిందనో సర్దిచెప్పొద్దు. నర్సును పిలవండి.

తిండి సంగతి రెండు ముక్కల్లో చెబుతాను. ఈ జబ్బు తగ్గాక లివర్ మామూలుగా పూర్తిగా కోలుకుంటుంది. ఒకసారి సీబీపీ (రక్తకణాల లెక్క), ఎల్‌ఎఫ్‌టీ (లివర్ పరీక్ష) చేయించండి. నార్మల్ వస్తే ఆ కాగితం అత్తమ్మ గారికి చూపించి ఆమె ఎదురుగానే గుడ్డు తినండి. పద్నాలుగు నెలలుగా చారు మెతుకుల మీద ఉన్న తల్లికి లివర్ కంటే రక్తహీనత పెద్ద సమస్య, హిమోగ్లోబిన్ కూడా చూపించుకోండి. కామెర్లకు పసరు తాగమని ఎవరైనా అంటే మాత్రం వద్దు, ఆ పసర్లలో కొన్ని లివర్‌నే దెబ్బతీస్తాయి. గ్రహణం అంటారా, అది ఊరందరికీ ఒకటే. ఈ జబ్బు వెయ్యిలో అయిదు నుంచి తొమ్మిది మందికే.

ఇప్పుడు అసలు ప్రశ్న. రెండో కాన్పుకు వెళ్లొచ్చు. మీ అమ్మగారి భయం అర్థం చేసుకోగలను, అయితే లెక్కలు ఆవిడ అనుకున్నంత చెడ్డగా లేవు. ఒకసారి హెల్ప్ వచ్చినవాళ్లకు మళ్లీ అదే రావడం అధ్యయనాన్ని బట్టి నూటికి 2 నుంచి 19 మంది దాకా ఉంది. హెల్ప్ కాకపోయినా బీపీతో ఏదో ఒక ఇబ్బంది సుమారు అయిదుగురిలో ఒకరికి వస్తుంది. మొదటిసారి ఎంత ముందు వారాల్లో వస్తే రెండోసారి అంత ఎక్కువ జాగ్రత్త కావాలి. మీది 33 వారాలు, మరీ తొందరగా రాలేదు, అలాగని నెలలు నిండాకా రాలేదు. కాబట్టి ఎక్కువ మందికి రెండో కాన్పు సాఫీగానే జరుగుతుందన్న ధైర్యంతో, తేడా వస్తే ఒక గంట కూడా పోగొట్టుకోమన్న ఏర్పాటుతో వెళ్లాలి. అత్తగారింట్లో కావాలన్నారని మాత్రం వెళ్లొద్దు. అది మీరూ మీ ఆయనా కూర్చుని తేల్చుకోవాల్సిన సంగతి. ఒక్క బిడ్డ చాలు అనుకున్నా అదీ మంచి నిర్ణయమే.

తొందర లేదు. మీది సిజేరియన్ కూడా కాబట్టి పాపకు కనీసం ఏడాదిన్నర, వీలైతే రెండేళ్లు నిండాక ప్రయత్నించండి. అప్పటిదాకా కాపర్-టీ లాంటిది మేలు. మాత్రలు వాడాలంటే బీపీ, లివర్ పరీక్షలు చూసి డాక్టర్ రాసినవే వాడండి.

గర్భం రాకముందే ఒకసారి డాక్టర్ దగ్గరికి వెళ్లాలి. మన దగ్గర నెల తప్పాకే డాక్టర్, దాంతో ముఖ్యమైన పరీక్షలకు వేళ మించిపోతుంది. బీపీ, షుగర్, కిడ్నీ పరీక్ష, మూత్రంలో ప్రొటీన్ చూస్తారు. ఇలాంటి కారణంతో 34 వారాల లోపు కాన్పు చేయాల్సి వచ్చినవాళ్లకు రక్తం గడ్డకట్టే గుణాన్ని పెంచే యాంటీఫాస్ఫోలిపిడ్ యాంటీబాడీలు ఉన్నాయేమో కూడా చూడాలి, మీరు గుర్తుపెట్టుకుని అడగండి. ఉన్నాయని వస్తే 12 వారాల తర్వాత మళ్లీ చేసి నిర్ధారించుకుంటారు, అప్పుడు వైద్యం దారి వేరు.

గర్భం నిలిచాక, మూడు నెలలు నిండగానే తక్కువ మోతాదు ఆస్పిరిన్ మొదలుపెడతారు. సాధారణంగా 75 నుంచి 150 మిల్లీగ్రాములు, రాత్రి పూట, 36వ వారం దాకా. 16 వారాల లోపు మొదలుపెడితేనే దాని మేలు ఎక్కువ. ఇది ప్రీఎక్లాంప్సియా రిస్క్‌ను తగ్గిస్తుంది గానీ పూర్తిగా ఆపదు, డాక్టర్ రాయకుండా కొనుక్కోవద్దు కూడా. కాల్షియం మాత్రలు ప్రభుత్వ ఆసుపత్రిలో ఇస్తారు, నాలుగో నెల నుంచి రోజుకు రెండు. వాటిని ఐరన్ మాత్రతో కలిపి ఒకేసారి మింగొద్దు. చాలా ఇళ్లలో కాల్షియం డబ్బా మూత తీయకుండానే బీరువా మీద ఉంటుంది, నేను చూస్తూనే ఉంటాను. మన రాగి సంగటి కూడా తక్కువదేం కాదు, 100 గ్రాముల రాగుల్లో దగ్గర దగ్గర 350 మిల్లీగ్రాముల కాల్షియం ఉంటుంది. ఇంట్లో ఒక బీపీ మిషన్ కొనుక్కోండి, అయిదో నెల నుంచి వారానికి రెండు మూడుసార్లు చూసుకుని నోటుబుక్కులో రాయండి. బిడ్డ ఎదుగుదల స్కాన్లు ఈసారి మామూలు కంటే ఎక్కువే ఉంటాయి, ఖర్చు అని మానొద్దు.

వీటన్నిటికంటే నేను ఎక్కువ పట్టుబట్టేది ఒకటుంది, మీ అమ్మగారికి కష్టంగా ఉండొచ్చు. సీమంతం చేసుకోండి, గాజులు తొడగండి, చలిమిడి పెట్టండి, మీరు మాత్రం తిరుపతి వదిలి కదలొద్దు. మీ అమ్మగారే వచ్చి మీ దగ్గర ఉండాలి. కాన్పు పుట్టింట్లో జరగాలన్నది మన ఆచారం, దానిలో ప్రేమ ఉంది, విశ్రాంతి ఉంది. మీ విషయంలో మాత్రం ఆరో నెల నుంచి చూడాల్సింది బ్లడ్ బ్యాంకు, ఐసీయూ, ఎన్‌ఐసీయూ మూడూ ఎంత దూరంలో ఉన్నాయన్నదే. తిరుపతిలో ప్రభుత్వ ప్రసూతి ఆసుపత్రి, రుయా, స్విమ్స్ అన్నీ ఒకే పక్క ఉన్నాయి. చిత్తూరు వైపు వాళ్లకైతే వేలూరు సీఎంసీ దగ్గర. తిరుపతి నుంచి మీ పల్లెకు ఘాట్ ఎక్కి వెళ్లి, మళ్లీ అదే ఘాట్ రాత్రిపూట దిగాల్సిన అవసరం ఏముంది?

ఆ పాత డిశ్చార్జి కాగితాన్ని పోగొట్టుకోకండి. ఫోన్‌లో ఫోటో తీసి మీ ఆయన ఫోన్‌కూ, చెల్లెలి ఫోన్‌కూ పంపండి. రెండోసారి మాతాశిశు కార్డు రాయించుకునేటప్పుడు మొదటి కాన్పు వివరాల దగ్గర హెల్ప్ అని, ఎన్నో వారంలో వచ్చిందో రాయించండి. పోయినసారి సిజేరియన్ అని మాత్రమే రాసి ఊరుకుంటారు, అది చాలదు. నొప్పి వచ్చి ఏ ఆసుపత్రికి వెళ్లినా నోరు తెరిచి మొదట చెప్పాల్సిన మాట కూడా అదే.

రెండో బిడ్డ ఉన్నా లేకపోయినా ఏడాదికి ఒకసారి బీపీ చూపించుకోండి. గర్భంలో ఇలాంటి జబ్బు వచ్చినవాళ్లకు వయసు మీద పడ్డాక బీపీ, గుండె జబ్బుల రిస్క్ మిగతావాళ్ల కంటే ఎక్కువ.

నిద్ర పట్టకపోవడం, అంబులెన్స్ శబ్దానికి చేతులు వణకడం పిరికితనం కాదు. ప్రాణం మీదికి వచ్చి బయటపడినవాళ్లకు ఇలా జరుగుతుంది, దానికి వైద్యం ఉంది. రెండో గర్భానికి ముందే ఇది తగ్గించుకోవాలి, లేకపోతే తొమ్మిది నెలలూ ప్రతి చిన్న నొప్పికీ మీరు నలిగిపోతారు. సైకియాట్రీ డాక్టర్‌ను కలవండి. వెళ్లడానికి మొహమాటం అనిపిస్తే ముందు ప్రభుత్వం వారి టెలీ మానస్ నంబరు 14416కు ఫోన్ చేయండి, తెలుగులోనే మాట్లాడతారు, డబ్బు కట్టక్కర్లేదు.

మీ చెల్లెలి గురించి ఒక్క లైను రాసి వదిలేశారు గానీ, మీ ఉత్తరంలో తొందరపడాల్సింది దాని గురించే. తోడబుట్టిన అక్కకు వచ్చిందంటే చెల్లెలికి రిస్క్ కొంత ఎక్కువ. పైగా తొలి కాన్పు. ఈ రెండూ కలిసినప్పుడు ఆస్పిరిన్ అవసరమేమో డాక్టర్ ఆలోచిస్తారు. 16 వారాలు దాటినా కొందరికి మొదలుపెడతారు కాబట్టి ఇక లాభం లేదని ఊరుకోవద్దు, ఈ వారమే వెళ్లి అడగమనండి. అక్కకు హెల్ప్ వచ్చిందని తను చెప్పకపోతే ఆ డాక్టర్‌కు తెలిసే దారి లేదు. ప్రైవేటులో చూపించుకునే స్తోమత లేకపోతే ప్రతి నెలా 9వ తేదీన ప్రభుత్వ ఆసుపత్రుల్లో గర్భిణులను డాక్టర్లు ఉచితంగా చూస్తారు, ఆ రోజు వెళ్లమనండి. డొక్కలో నొప్పి, తగ్గని తలనొప్పి, ముఖం చేతులు ఉన్నట్టుండి వాయడం, కళ్లు మసకబారడం, వీటిలో ఏది వచ్చినా సోడా తాగించకుండా 108కి ఫోన్ చేయాలని మీ అమ్మగారికి మీరే చెప్పండి. మీరు చెబితే వింటారు. ఏడో నెలలో చెల్లెలిని కూడా అదే పల్లెకు తీసుకెళ్తారు కదా, అక్కడి నుంచి రాత్రి పదింటికి ప్లేట్‌లెట్ల పరీక్ష చేసే చోటు ఎక్కడుందో, రక్తం ఎక్కించే ఆసుపత్రి ఎంత దూరమో మీ నాన్నగారిని ఇప్పుడే కనుక్కుని పెట్టమనండి. దగ్గర్లో లేదని తేలితే చెల్లెలి కాన్పు కూడా మీ దగ్గరే, తిరుపతిలో.